పాటకు పట్టా

దండేపల్లి మండలం లింగాపురంలో 1955లో పుట్టిన గూడ అంజయ్య వృత్తిరీత్యా ఫార్మసిస్టు. (మా జైనూర్ పక్కనున్న లింగాపూర్ మండలం కాదు, ఇది మంచిర్యాల వైపు ఊరు.) ‘ఊరు మనదిరా’ రాసింది మందులిచ్చే ఆ చెయ్యే. మా జైనూర్ మండలం మార్లవాయిలో గుస్సాడి నృత్య కళాకారుడు కనకరాజు ఆశ్రమ పాఠశాలలో వంట చేశారు. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఈ సంగతి బయటివాళ్లకు వింతగా తోచింది గానీ ఇక్కడెవరికీ తోచలేదు. 2024 అక్టోబర్ 25న, గోండుల దండారీ పండుగ రోజులు దగ్గర పడుతుండగా ఆయన పోయారు. పాటగాడి కెరీర్, కళాకారుడి కెరీర్ అని ఎవరు మొదలుపెట్టినా నాకు ముందు గుర్తొచ్చేవి ఈ రెండో ఉద్యోగాలే.

ఈ మధ్య మా దగ్గర డిగ్రీ చదివే ఒక పిల్లగాడు గిటారు కొనుక్కున్నాడు. పాటలు తనే కడతాడు, తనే పాడతాడు. తెలుగులో మొదలుపెట్టి మధ్యలో గోండిలోకి జారిపోతాడు. రేకుల కప్పు మీద వాన పడితే రికార్డింగు ఆపాల్సిందే కాబట్టి తెరిపి చూసుకుని, గది గోడలకు బొంతలు వేలాడదీసి ఫోన్లో రికార్డు చేసుకుంటాడు. “సార్, ఇదే పనిగా పెట్టుకుంటె బతుకుతనా?” అని అడిగాడు. తనను తాను ఇండీ రాక్ గాయకుడు అనుకుంటున్నాడు. అనుకోనీ, తప్పేముంది.

ఇండీ అంటే పెద్ద కంపెనీ చేతి కింద లేకుండా సొంతంగా పాట తెచ్చేవాడని అర్థం. 1977లో మాంచెస్టర్ కుర్రాళ్లు, బజ్‌కాక్స్ అనే బ్యాండ్ వాళ్లు, అప్పు తెచ్చిన సుమారు 500 పౌండ్లతో రికార్డు చేసి, సొంత లేబుల్ పెట్టి వెయ్యి కాపీలు ముద్రించుకున్నారు. ఈ పద్ధతికి అదొక మొదలు అంటారు. తెలుగులో ఈ దారి పట్టినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో నాకు నచ్చింది హైదరాబాద్‌లో పుట్టిన చౌరస్తా బ్యాండ్. జానపదానికి రెగే కలిపి, తిరిగి ఊరికి పోతాననేవాడి గోడును ‘ఊరెళ్లిపోతా మామా’ అని పాడారు. రెగేలో గిటారు దెబ్బ తాళం పడే చోట పడదు, రెండు దెబ్బల నడుమ ఖాళీలో పడుతుంది. అందువల్ల మాటకు చోటు దొరుకుతుంది. తెలుగు మాట, అందులోనూ ఊరి మాట, అంత హాయిగా గిటారు మీద కూర్చోవడం నేను ముందు వినలేదు.

ఆ బ్యాండ్ గొంతు రామ్ మిరియాల. 2020 కరోనా రోజుల్లో చేతులు కలపొద్దంటూ ఆయన కట్టి పాడిన పాట ఫోన్లన్నీ చుట్టింది. తర్వాత బ్యాండ్ నుంచి విడిపోయారు. 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట, 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాట, 2023లో ‘బలగం’లో మంగ్లితో కలిసి ‘ఊరు పల్లెటూరు’. ఈ చివరి పాటకే కాసర్ల శ్యామ్‌కు గేయరచయితగా జాతీయ అవార్డు దక్కింది. ఇదంతా ఎదుగుదలే, కాదనను. కానీ గమనించండి, సొంత పాటతో పేరు వచ్చింది, ఆ పేరుకు తగిన పని సినిమాలో దొరికింది. తెలుగులో సొంత పాటగాడు ముందుకు నడిచాడంటే ఆ అడుగు దాదాపు ఎప్పుడూ సినిమా వైపే పడుతోంది. తమిళంలోనో మలయాళంలోనో బ్యాండ్లు సినిమా చేస్తూనే తమ కచేరీలు తాము నిలుపుకున్నాయి. మన దగ్గర టికెట్ కొని సొంత పాట వినే అలవాటే పెరగలేదు. పెళ్లిలో డీజేకు వేలకు వేలు పోస్తాం, పాట కట్టినవాడికి శాలువా కప్పి పంపిస్తాం.

ఈ మాట అంటూనే నాకు ప్రధాన్లు గుర్తొస్తారు. రాజ్‌గోండుల వంశ కథలన్నీ వాళ్ల గొంతులోనే ఉన్నాయి. మూడు తీగల కిక్రీ, డోల్కీ, ఊదే పేప్రే. ముగ్గురు మనుషులతో ఒక బ్యాండ్, వందల ఏళ్ల కిందటే. గాయకుడు చరణం ఎత్తుకుంటే కిక్రీ గొంతు వెంటే నడుస్తుంది, ఒక్కోసారి గొంతు ఆగిన చోట మిగతాది అదే చెబుతుంది. ఒక్కో ప్రధాన్ కుటుంబానికి ఫలానా గోండు ఇళ్లవాళ్లు దాతలు. ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. పెళ్లికి, చావుకు, పెర్సాపేన్ కొలుపుకు పాడాలి. పాడినందుకు ధాన్యం, బట్టలు, కలిగినవాళ్లయితే పశువు. కేస్లాపూర్ నాగోబా దగ్గర మెస్రం వంశం వాళ్లకు ఇప్పటికీ ప్రధాన్లు కావాలి. ఆ పాటగాడు ఊరందరినీ మెప్పించనక్కర్లేదు, తన ఇళ్లవాళ్లు కొందరు చాలు. ఇండీ గాయకుడు కలలుగనేది కూడా సరిగ్గా ఇదే, తన పాట కోసం చెయ్యి జేబులో పెట్టే కొద్దిమంది.

ఆ ఏర్పాటులో కష్టం లేదని కాదు. దాత దగ్గర చెయ్యి చాచడం ఉంది, కులం గీతలున్నాయి. కొత్త పాట కట్టే చోటూ తక్కువే, వంశ కథ ఇష్టం వచ్చినట్టు మారిస్తే ఒప్పుకోరు. మా పిల్లగాడికి ఆ సంకెళ్లు లేవు, ఆ ధాన్యమూ లేదు.

ఇప్పుడు అతని దాత యూట్యూబ్. పూర్తి నిడివి వీడియోలతో ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే చానెల్‌కు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. నాలుగు నిమిషాల పాటను మొదటి నుంచి చివరిదాకా 60,000 సార్లు వింటే 4,000 గంటలు. స్పాటిఫై 2024 నుంచి ఇంకో గీత గీసింది. ఏడాదిలో వెయ్యి సార్లయినా వినని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కే కట్టదు. మా కుర్రాడికి ఈ లెక్క చెబితే ముఖం మాడ్చుకున్నాడు. నేనైతే అంత దిగులు పడను. 2011 జనగణనలో గోండి మాతృభాష అని చెప్పినవాళ్లు దేశంలో 29 లక్షల పైచిలుకు. ఇక్కడి నుంచి చంద్రపూర్, గడ్చిరోలి, బస్తర్ దాకా చెవులున్నాయి. తెలుగులో ఇప్పటికే పాటల వరద ఉంది, గోండిలో గిటారు పాట ఎన్నున్నాయని? మార్కెట్ కోసం గోండి మానేస్తానన్నాడు. వద్దన్నాను.

ఇంకో మాట కూడా అన్నాను. ప్రేమ పాటలు సినిమా ట్యూన్ల అచ్చులో పోస్తున్నాడు, అవి ఎవరైనా రాస్తారు. ఉట్నూరు బస్సు కోసం చెట్టు కింద గంటలకొద్దీ నిలబడటం మీద ఒకటి కట్టాడు, అది మాత్రం ఇంకెవరూ రాయలేరు. అందులో గిటారు సగానికి తగ్గించమన్నాను. మాట బలంగా ఉన్నప్పుడు తీగ మెల్లగా మోగాలి. నేనూ పాటలు కట్టేవాణ్ణే, సభలకు, బడి పండుగలకు. నా పాటకు దాత నా జీతం. అందుకే ఎవరి మెప్పు కోసమూ ఒక్క చరణం మార్చే అవసరం రాలేదు. స్వతంత్రం అంటే నాకు తెలిసింది అదే. ఉద్యోగం చూసుకో, పాట వదలకు అని చెబితే కుర్రాళ్లకు చప్పగా ఉంటుంది. అంజయ్య బతుకు చప్పగా గడిచిందని మాత్రం ఎవరూ అనలేరు.

అయితే అసలు గండం ఆకలి దగ్గర కాదు, కాగితం దగ్గర. మన అడవిలో పోడు చేసినవాడికి పట్టా విలువ ఒకరు చెప్పక్కర్లేదు. దున్నింది నువ్వే అయినా కాగితం లేకపోతే రేపు ఎవడో వచ్చి నాదంటాడు. పాట సంగతీ అంతే. డెట్రాయిట్‌లో రోడ్రిగెజ్ అనే గాయకుడు 1970లో, 1971లో రెండు ఆల్బమ్‌లు తెచ్చాడు. అమెరికాలో అమ్ముడుపోలేదు. పాత ఇళ్లు కూలగొట్టే పనికి పోయి పిల్లల్ని సాకాడు. దక్షిణాఫ్రికాలో అవే పాటలు ఇంటింటా మోగాయి. ఆ సంగతి ఏళ్ల తరబడి ఆయనకు తెలియదు, రాయల్టీ చేరలేదు. 1998లో అక్కడ కచేరీకి పిలిచాక గానీ ఆ దేశపు శ్రోతల్ని కళ్లారా చూడలేదు. ఈ కథ మీద తీసిన డాక్యుమెంటరీకి 2013లో ఆస్కార్ వచ్చింది. మనకు అంత దూరం పోనక్కర్లేదు. ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో వినిపించే గొంతు దర్శనం మొగిలయ్యది. కిన్నెర మెట్ల మీద ఆ చేతి వాటం ఇంకెవరికీ రాదు. 2022లో పద్మశ్రీ. 2024లో తుర్కయంజాల్ దగ్గర కూలి పనిలో ఉన్న ఆయన వీడియో అందరం చూశాం. ప్రభుత్వ సాయం వచ్చింది, ఖర్చయింది. పాట నుంచి నెలనెలా వచ్చేదంటూ ఏదీ లేకపోతే ఎంత పెద్ద చెక్కయినా కరిగేదే.

చట్టం మన వైపే ఉంది, తెలిసినవాళ్లే తక్కువ. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం పాట రాసినవాడు, ట్యూన్ కట్టినవాడు రాయల్టీలో తమ వాటాను నిర్మాతకు గానీ చానెల్‌కు గానీ వదిలేయలేరు. వదిలేశానని సంతకం పెట్టినా అది చెల్లదు. హక్కు బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. ఎన్నేళ్లకో కాగితంలో లేకపోతే ఐదేళ్లే అనుకోవాలి, ఎంత ప్రాంతానికో లేకపోతే భారతదేశం వరకే. రచయిత బతికినన్నాళ్లు, తర్వాత ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఈ వాటా వసూలు చేసి పంచే సొసైటీ ఐపీఆర్ఎస్, ముంబైలో ఉంది. అందులో సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనూ పేరుతో నమోదు చేయించుకోవాలి. నమోదు కాని పాటకు డబ్బు వసూలైనా ఎవరికి చేర్చాలో వాళ్లకు తెలియదు.

ఇక్కడ జరుగుతున్నది వేరు. ఏదో చానెల్ వాళ్లు వస్తారు, కొంత మొత్తం చేతిలో పెడతారు, షూటింగ్ భోజనం పెడతారు, పాట తీసుకుపోతారు. అది కోటి సార్లు మోగినా రాసినవాడి పేరు వీడియో కింద ఉండదు. ఒక్కోసారి ‘జానపదం’ అని రాసేస్తారు. అవ్వల నోటి నుంచి వచ్చిన పాటైతే ఆ ఊరి పేరైనా రాయాలి. నిన్న బొంతల మధ్య కూర్చుని కట్టిన పాటను జానపదం అనడం మాత్రం దొంగతనమే. గోండు గాథలను మార్లవాయిలో కూర్చుని రాసుకున్న మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1948లో పుస్తకం వేసినప్పుడు ప్రధాన్లు చెప్పిన కథలని ప్రపంచానికి తెలిసింది. ఇవాళ్టి చానెళ్లు ఆ పాటి మర్యాద కూడా చూపడం లేదు.

మా పిల్లగాడు మొన్న తన బస్సు పాట మాటలు, తేదీ, రికార్డింగు తనకు తనే మెయిల్ చేసుకున్నాడు. మంచి అలవాటు, కానీ చాలదు. సభ్యత్వం ఫారాలు, బ్యాంకు వివరాలు, పాన్ కార్డు అనేసరికి ఇక్కడి పాటగాళ్లు సగం మంది వెనక్కి తగ్గుతారు. కాబట్టి ఉట్నూరు ఐటీడీఏ అధికారులకు నా విన్నపం: ఆధార్ శిబిరం పెట్టినట్టే జైనూర్‌లో ఒక రోజు పాటల నమోదు శిబిరం పెట్టించండి. ఐపీఆర్ఎస్ మనిషినొకరిని పిలిపించండి. కిక్రీ ప్రధాన్లు, దండారీ పాటగాళ్లు, గిటారు పిల్లలు అందరం లైన్లో నిలబడతాం.