స్క్రూ తల దాచుకునే చోటు

అల్యూమినియం పలకకు రంధ్రం వేయడం ఇంట్లో పెట్టుకునే చిన్న సీఎన్‌సీ మెషీన్‌కు పెద్ద పనేం కాదు. ఆ రంధ్రం మూతిని గరాటులా విప్పి, స్క్రూ తల పలకతో సమంగా కూర్చునేలా చేయమంటేనే దాని బలమెంతో బయటపడుతుంది. కౌంటర్‌సింక్ అనే ఈ పనిని చాలామంది చివరి మెరుగుగా చూస్తారు. నన్నడిగితే కొత్త మెషీన్ కొన్నవాళ్లు దాని సత్తా చూడటానికి మొదట చేయించాల్సిన పని ఇదే.

ముందు కోణం సంగతి. మన దుకాణాల్లో దొరికే మెట్రిక్ సీఎస్‌కే (కౌంటర్‌సంక్) స్క్రూ తల 90 డిగ్రీలు. అమెరికా అంగుళాల స్క్రూలకు 82. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని 82 డిగ్రీల బిట్ తెప్పించి, దాంతో చేసిన గుంటలో మన స్క్రూ బిగిస్తే తల పైఅంచు మీద మాత్రమే ఆనుతుంది, కింద ఖాళీ ఉండిపోతుంది. చూపుకు తేడా తెలియదు. లోడ్ పడ్డాక స్క్రూ వదులవుతుంది.

90 డిగ్రీలతో లెక్క హాయి. పైన ఎంత వెడల్పు కావాలో అందులో సగం లోతుకు బిట్ మొన దిగాలి. ఎం4 స్క్రూ తల సుమారు 8 మిల్లీమీటర్లు కాబట్టి మొన 4 మిల్లీమీటర్లు దిగుతుంది. పలక మందం 3 మిల్లీమీటర్లే అయితే? మొన కిందికి ఒక మిల్లీమీటరు పొడుచుకొస్తుంది. రంధ్రం ముందే 4.5కు వేసి ఉంటుంది గనక పలకకు ఏమీ కాదు గానీ, కింద ఎండీఎఫ్ చెక్క వేసుకోకపోతే బెడ్ దెబ్బతింటుంది. ఇంకో చిక్కు ఇదే లెక్కలోంచి వస్తుంది. లోతులో 0.1 తేడా పైన వెడల్పులో 0.2 అయి కూర్చుంటుంది. నాలుగు మూలలా క్లాంపులు బిగించిన పలుచటి పలక మధ్యలో ఆ మాత్రం ఉబ్బడం మామూలే. అందుకే ఒకచోట జీరో చూసుకుని పలకంతా నమ్మకూడదు. రంధ్రం పక్కనే బిట్ తాకించి జెడ్ (ఎత్తు) చూసుకోవాలి.

అసలు గొడవ వేగంతో. హైస్పీడ్ స్టీల్ కౌంటర్‌సింక్ బిట్ నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతూ, గట్టి ఒత్తిడితో దిగితే నున్నగా కోస్తుంది. హాబీ మెషీన్లకు తగిలించే ట్రిమ్ రూటర్ అంత నెమ్మదిగా తిరగలేదు. చాలామంది వాడే మకీటా ఆర్‌టీ0700 కనీస వేగమే 10,000. పైగా గరాటు బిట్ కిందికి దిగేకొద్దీ కోతంచు పొడవంతా ఒక్కసారే లోహంలో పడుతుంది. ఒత్తిడి పెరిగి, రూటర్‌ను మోసే అడ్డదూలం (గాంట్రీ) వంగుతుంది, వంగింది వెనక్కి తన్నుతుంది, గుంట చుట్టూ పూరేకుల్లాంటి చాటర్ (అదురు) గీతలు పడతాయి. గట్టి మిల్లింగ్ మెషీన్ మీద బాగానే నడిచే మూడు, నాలుగంచుల బిట్ ఇక్కడ బెంబేలెత్తిస్తుంది. ఒకటే కోతంచున్నదో, మొనలో ఏటవాలు రంధ్రం ఉన్నదో తీసుకుంటే కొంత నయం.

దానికన్నా నాకు నచ్చిన దారి, బిట్‌ను నిలువుగా దించకుండా రంధ్రం అంచు వెంట గుండ్రంగా తిప్పడం. 6 మిల్లీమీటర్ల 90 డిగ్రీల చాంఫర్ బిట్ చాలు. చుట్టు చుట్టుకూ కాస్త కాస్తగా దిగుతుంది, ఏ క్షణంలోనూ కొద్దిపాటి అంచే కోస్తుంది. నిలువు కోతకు శాపమైన వేగం ఇక్కడ వరం. ఇలాంటి గరాటు బిట్‌లో మొన దగ్గర వేగం సున్నా కాబట్టి అక్కడ ఎప్పుడూ కోత ఉండదు, రుద్దుడే. ఈ పద్ధతిలో మొన ఖాళీ రంధ్రంలో వేలాడుతుంది కనుక ఆ బాధా లేదు. ఏ మొనా నిజంగా సూదిలా ఉండదు, చివర కాస్త చదునుంటుంది. ఆ తేడా తేల్చుకోవడానికి తుక్కు ముక్క మీద ఒకటి వేసి వెర్నియర్ పెట్టాల్సిందే.

నిలువుగానే దించుతానంటే ఇంకో మాట. హాబీ మెషీన్లను నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌లో డ్రిల్లింగ్ సైకిళ్లు లేవు, అడుగున ఆగడానికి జీ4 ఆదేశం రాసుకోవాలి. ఒక సెకను ఆపితే ఏముందిలే అనిపిస్తుంది. 10,000 వేగంలో ఆ సెకనుకు 166 చుట్లు. కోయడానికి ఏమీ మిగలని చోట అన్నిసార్లు రుద్దితే అల్యూమినియం బిట్‌కు అతుక్కుంటుంది. మార్కెట్లో హెచ్‌ఈ30 పేరుతో అమ్మే 6082 రకం పొడిపొడిగా తెగుతుంది. మెత్తటి రేకులే జిగురులా పట్టేస్తాయి. రెండు చుక్కలు కిరోసిన్ వేస్తే ఆ జిగురు తగ్గుతుంది. స్పిరిట్ మాత్రం నేను వేయను. పైన రూటర్ బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు ఎగురుతుంటాయి.

2 మిల్లీమీటర్ల రేకులో ఎం4 తల ముంచాలన్న ముచ్చట మానుకోవడం మంచిది. గుంట 1.75 లోతు పోతుంది, అడుగున మిగిలేది కాగితమంత లోహం. విమానాల వాళ్లు 1935లోనే హోవార్డ్ హ్యూస్ హెచ్-1లో రివెట్ తలలను పైరేకుతో సమం చేశారు. మరీ పలుచటి రేకులకైతే వాళ్లు కూడా కోయరు, నొక్కి గుంట చేస్తారు. మనకు బటన్ హెడ్ స్క్రూ ఉండనే ఉంది.

పది పన్నెండు రంధ్రాలైతే సీఎన్‌సీతో వేయించి, కౌంటర్‌సింక్ మాత్రం డెప్త్ స్టాప్ ఉన్న బెంచి డ్రిల్ మీద నెమ్మదిగా చేసుకోండి. అంతకు మించితే గుండ్రంగా తిప్పే పద్ధతే మేలు. అప్పుడు పలక క్లాంపుల్లో ఉండగానే స్క్రూ వేసి చూసుకోండి. ఒకసారి విప్పితే మళ్లీ అదే జీరో దొరకడం కష్టం.