తొమ్మిదో తరగతిలో జూలై 14 ఎడిషన్

తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఫ్రెంచి విప్లవం వస్తుంది. కారణాలు, ఫలితాలు, 1789, బాస్టిల్, గిలెటిన్. పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మరిచిపోతారు. తప్పు వాళ్లది కాదు. పాఠం రాసినవారికి చివరికి ఏమైందో ముందే తెలుసు. తెల్లారితే ఏం జరుగుతుందో తెలియక ఒక నగరం పడ్డ ఆరాటం అందులోకి రాదు.

ఆ ఆరాటం పిల్లలకు అందాలంటే పాఠాన్ని పత్రికగా రాయించడమే మేలైన దారి అని నా నమ్మకం. లిఖిత పత్రికలూ గోడపత్రికలూ మన బళ్లకు కొత్త కాదు. డ్రాయింగు షీటు, స్కెచ్ పెన్నులు, చేతిరాత గుండ్రంగా ఉండే పిల్ల ఒకరుంటే సరిపోతుంది. కావాల్సింది కాస్త గట్టి నియమాలు.

మొదటిది డేట్‌లైన్. ‘పారిస్, 1789 జూలై 14’ అని పెట్టాక ఆ రాత్రి తర్వాతి సంగతి ఒక్కటీ రాయకూడదు. పిల్లల కాపీ ‘నేడు ఫ్రెంచి విప్లవం ప్రారంభమైంది’ అనే మొదలవుతుంది. సబ్‌ఎడిటర్‌గా డెస్కులో కూర్చున్న పిల్ల దాన్ని కొట్టేయాలి. అది విప్లవమని ఆ రాత్రి విలేకరికి ఎవరు చెప్పారు? మంత్రి నెకర్‌ను రాజు తీసేశాడన్న కబురు 12న ఊళ్లో పొక్కింది. 14 పొద్దున జనం ఇన్వాలిడ్ భవనంలో చొరబడి వేల తుపాకులు పట్టుకుపోయారు. తుపాకులున్నాయి, మందు లేదు. అది నిల్వ ఉన్న బాస్టిల్ కోట మీదికి వెళ్లారు. సాయంత్రానికి కోట లొంగింది. లోపల దొరికిన ఖైదీలు ఏడుగురే. ఆ విలేకరికి తెలిసిందల్లా ఇంతే. ముట్టడించినవారిలో చనిపోయింది 98 మంది అని తర్వాతి పుస్తకాల్లో ఉన్నా, ఆ రాత్రికి ఎవరి దగ్గరా లెక్క లేదు కాబట్టి ఆ అంకె కూడా కొట్టేయాల్సిందే. ‘స్వేచ్ఛ కోసం కోటను ముట్టడించారు’ అని అలవాటుగా రాసే పిల్ల, ‘మందుగుండు కోసం వెళ్లారు’ అని రాయాల్సి వచ్చేసరికి కలం ఆపుతుంది. పాఠం అక్కడ మొదలవుతుంది.

పత్రికలో ధరల కాలమ్ కూడా ఉండాలి. అక్కడ హైదరాబాదు ఎర్రగడ్డ పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. రైతుబజారులో ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాస్తారు. టమాట, ఉల్లి, పచ్చిమిర్చి ధరలు వారం రోజులు రాసుకురమ్మనాలి. అడ్డా కూలీకి రోజుకెంత ముడుతుందో అడిగి రమ్మనాలి. రెండూ పక్కపక్కన వేశాక పారిస్ లెక్క ఇవ్వాలి. మామూలు రోజుల్లో ఎనిమిది తొమ్మిది సూలకు (సూ అంటే అప్పటి ఫ్రెంచి చిల్లర నాణెం) దొరికే నాలుగు పౌండ్ల రొట్టె 1789 జూలైలో పద్నాలుగున్నర సూలు. కూలివాడికి రోజుకు వచ్చేది 20 నుంచి 30 సూలు. ముందటి ఏడాది వడగళ్లు పంటను కొట్టేశాయి, ఆ పైన గడ్డుచలి. ఈ లెక్క తన చేత్తో వేసిన పిల్లకు, అక్టోబరు 5న పారిస్ బజారు ఆడవాళ్లు రాజు ఉండే వర్సెయిల్స్ దాకా సుమారు 20 కిలోమీటర్లు వానలో ఎందుకు నడిచారో, మర్నాడు రాజును కుటుంబంతో సహా పారిస్‌కు ఎందుకు పట్టుకొచ్చారో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒకే వార్తను రెండు పత్రికలకు రాయించడం మరో నియమం. ఒకటి రాజు పక్షం, ఒకటి జనం పక్షం. మర్నాడు బృందాలు మారాలి. ఈ పద్ధతి మొత్తంలో నాకు ఇదే అన్నిటికన్నా విలువైనది. నిన్న తిట్టినవాడి తరఫున ఇవాళ సంపాదకీయం రాయాలంటే అవతలివాడి భయం ఏమిటో వెతకాలి. పారిస్‌లో నిజంగానే ఇరుపక్షాల పత్రికలూ ఉండేవి. 1789 ఆగస్టు హక్కుల ప్రకటన 11వ అధికరణం అచ్చు స్వేచ్ఛ ఇచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి, 1792 ఆగస్టులో, రాజు పక్షం సంపాదకుడు ద్యురొజ్వాను గిలెటిన్ ఎక్కించారు. 1789 జూలై 12న ఆయుధాలు పట్టమని జనాన్ని లేపిన పాత్రికేయుడు కమీల్ దెమూలాన్‌కు 1794 ఏప్రిల్‌లో అదే గతి. ఇది దూరదేశపు ముచ్చట అనుకునే పిల్లలకు షోయబుల్లాఖాన్ గురించి చెప్పాలి. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడైన ఆయన్ని 1948 ఆగస్టులో చంపింది ఈ హైదరాబాదులోనే.

సిలబస్ వెనకబడుతుందని టీచర్లు అంటారు. నిజమే, నాలుగైదు పీరియడ్లు పోతాయి. ఈ పాఠానికి అవి ఇవ్వాల్సిందే.

చివరి పేజీకి, వేరే డేట్‌లైన్‌తో, ‘హైదరాబాదు లేఖ’ ఒకటి కావాలి. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా మూసారాంబాగ్‌లో దిగొచ్చు. అక్కడి గుట్ట మీద నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. అతని పటాలం మూడు రంగుల జెండా ఎగరేసింది. సిపాయిల గుండీల మీద విప్లవకారుల స్వేచ్ఛా టోపీ గుర్తు ఉండేదని ఇంగ్లిషువాళ్లు రాసుకున్నారు. రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అక్టోబరులో ఇంగ్లిషువాళ్లు ఆ పటాలం ఆయుధాలు దింపించారు. పిల్లలు 1798 అక్టోబరు డేట్‌లైన్‌తో ఆ వార్త రాయాలి. నిజాం దర్బారు ఏమంటోంది, ఇంగ్లిషు రెసిడెన్సీ ఏమంటోంది, జీతం ఆగిన సిపాయి ఇంట్లో ఏమనుకుంటున్నారు? రేమండ్‌కు విషం పెట్టారన్న పుకారు కూడా ఒకటుంది. విలేకరి దాన్ని బ్యానర్‌కు ఎక్కించుకుని పరుగున వస్తాడు. డెస్కులోని పిల్ల కాపీ పక్కన పెట్టి, ఎవరు చెప్పారు, చూసినవాళ్లున్నారా అని అడగాలి. జవాబు లేకపోతే ఆ ఐటం ఆగిపోతుంది.