ఒకే పొట్ట మీద మూడు చోట్లు

టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడ్డ మనిషిని వరంగల్ ఎంజీఎంకు తెచ్చారనుకుందాం. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి ఇదే బోధనాసుపత్రి. ఆపరేషన్ అయ్యాక పొట్ట నడిమధ్య కుట్లు, పక్కన డ్రెయిన్ గొట్టం, కుడివైపు బయటికి తెచ్చిన చిన్నపేగు కొస. ఇంటివాళ్లకు అన్నీ పుండ్లే. కేస్ షీట్ రాసే సిస్టర్‌కు మాత్రం మొదటి రెండూ మానాల్సిన గాయాలు, మూడోది మూసుకుపోకూడని దారి, ఇలియాస్టమీ. ఆ తేడాను తప్పకుండా రాసే పనితనం అంటే నాకు చాలా గౌరవం.

మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకాల గుర్తింపున్న అమెరికా నర్సింగ్ హోముల్లో 2010 అక్టోబరు నుంచి నింపుతున్న ఎండీఎస్ 3.0 అనే రోగి స్థితి అంచనా పత్రం ఈ తేడాను ఎంత నిక్కచ్చిగా పాటిస్తుందో చూడండి. కోత, డ్రెయిన్ పెట్టిన చోటు శస్త్రచికిత్స గాయాల కింద వస్తాయి. స్టోమా, అంటే ఇలా పొట్ట మీదికి తెచ్చిన పేగు నోరు, అందులో చేరదు, మలమూత్రాల విభాగంలో దానికి వేరే గడి ఉంది. ఆహారం గొట్టం కోసం పొట్టకు పెట్టిన రంధ్రం అక్కడా కుదరదు, పోషణ విభాగానికి వెళ్తుంది. మంచాన పడ్డవారికి వచ్చే ఒత్తిడి పుండును సర్జన్ కత్తితో శుభ్రం చేసినా అది ఒత్తిడి పుండే. ఎంత ఆలోచించి పెట్టిన నియమం! సమయానికి పక్కకు తిప్పక వచ్చిన పుండు, కత్తి తగిలిందని పేరు మార్చుకోలేదు.

స్టోమాను చూసి చెప్పడం మరో విద్య. బుగ్గ లోపలి భాగంలా ఎర్రగా, తడిగా ఉంటే రక్తం బాగా అందుతున్నట్టు. నల్లబడితే వెంటనే సర్జన్‌కు కబురు పంపాలి. చిన్నపేగు రసాలు చర్మాన్ని తినేస్తాయి కాబట్టే పేగు కొసను వెనక్కి మడిచి, చర్మానికి పైకి నిలబెట్టే పద్ధతిని 1952లో ఇంగ్లండ్ సర్జన్ బ్రయాన్ బ్రూక్ ప్రచురించారు. స్టోమాకు నొప్పి తెలియదు. మలం పట్టేందుకు దానిచుట్టూ అంటించే సంచి అంచు కోసుకున్నా రోగి చెప్పలేడు, కనుక కంటితోనే పట్టుకోవాలి. ఆపరేషనైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాపు తగ్గి స్టోమా చిన్నదవుతుంది. పాత కొలతకే సంచి కత్తిరిస్తే పేగు రసాలు తగిలి చుట్టూ చర్మం ఒరుసుకుపోతుంది. ఎండీఎస్‌లో ఆ ఒరుపుది తడివల్ల చెడిన చర్మం గడి, శస్త్రగాయం గడి కాదు.

వ్యవధి ఉంటే స్టోమా స్థలాన్ని ముందే గుర్తిస్తారు. మనిషిని కూర్చోబెట్టి, వంచి, లుంగీ ముడి, లంగా నాడా ఎక్కడ పడతాయో చూసి, పొట్ట మడతలు తప్పించి గుర్తు పెడతారు. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో అంత వీలు చిక్కదు. అప్పుడు మర్నాడు సిస్టర్ రాసే కొలత, రంగు, మడతల వివరాలు చూసే తర్వాతి సంచి ఎలా కత్తిరించాలో నిర్ణయిస్తారు.