చలచ్చిత్రమున భూతకాలము

అమెరికాదేశపుఁ జరిత్రమును, సంస్కృతిని చలచ్చిత్రములతోఁ గూడఁ బఠించు పద్ధతి విశ్వవిద్యాలయములలో నేఁడు వ్యాపించియున్నది. 1964లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున అమెరికా విషయములకై యొక పరిశోధనకేంద్రము వెలసెను. చలచ్చిత్రాధ్యయనము తరువాత నా నగరముననే వేఱొక శాఖగా నేర్పడినది. హిందూపురము, పెనుగొండ, ధర్మవరముల బడులనుండి పై చదువులకుఁ బోవు విద్యార్థులకు నీ పద్ధతి యెదురు కాఁగలదు. కాఁబట్టి దాని బలాబలములను విచారింపవలసియున్నది.

ఈ విషయమున రెండు పక్షములు గలవు. చలచ్చిత్రము వినోదార్థము కల్పింపఁబడినది, అది చరిత్రమునకుఁ బ్రమాణము గాదని యొకరు. గతించిన కాలమును గన్నులయెదుట నిలుపును గాన పుస్తకముకంటె నదియే మేలని వేఱొకరు. రెండును విచారసహములు గావు.

"హేతుమతి చ" యను సూత్రమును వ్యాఖ్యానించుచు మహాభాష్యకారుఁడు, కంసుఁడు చిరకాలము క్రిందటనే హతుఁడు గాఁగా, వానిని జంపించుచున్నాఁడను వర్తమానప్రయోగ మెట్లు పొసఁగునని ప్రశ్నించినాఁడు. శోభనికులను ప్రదర్శకులు కన్నులయెదుటఁ జంపి చూపుదురు. చిత్తరువులలో నెత్తిన దెబ్బలు గానవచ్చును. కథకులు మాటలచేతనే యా వృత్తాంతమును శ్రోతల బుద్ధిలో నిలుపుదురు. కాఁబట్టి పొసఁగునని సమాధానము. ఇందు వర్తమానమైనది ప్రదర్శనమే కాని కంసవధ గాదు. వక్త చూడని భూతమునకుఁ బాణిని లిట్టును విధించినాఁడు. తెలుఁగున నట్టి పనిని "అట" యను మాట నెఱవేర్చును. చలచ్చిత్రమున "అట" లేదు. దాని బలమును, దాని యపాయమును నదియే.

1915లో గ్రిఫిత్ తీసిన "ది బర్త్ ఆఫ్ ఎ నేషన్" అను మూకచిత్రము అమెరికా అంతర్యుద్ధమును, దాని తరువాతి పునర్నిర్మాణకాలమును బ్రదర్శించును. అందు దాస్యవిముక్తులైన నల్లజాతివారు దుష్టులుగను, ముసుఁగులు దాల్చి వారిని హింసించిన క్లూ క్లక్స్ క్లానువారు రక్షకులుగను జూపఁబడిరి. ఆ సంవత్సరముననే జార్జియాలో క్లాను మరలఁ బుట్టెను. సభ్యులను జేర్చుకొనుట కా చిత్రమే సాధనమయ్యెను. పునర్నిర్మాణకాలమునకు నీ చిత్రము కూటసాక్షి. 1915నాఁటి తెల్లవారి భయద్వేషములకు మాత్రము ముఖ్యసాక్షి. నల్లజాతివారి పక్షమున ఎన్.ఏ.ఏ.సి.పి. సంఘము దానిని నాఁడే ప్రతిఘటించెను. 1920లో ఆస్కార్ మిషో యను నల్లజాతి దర్శకుఁడు "విదిన్ అవర్ గేట్స్" అను చిత్రమునఁ దన జాతి పడిన హింసను జూపెను. రెండు చిత్రములను సరసనుంచి చూచినప్పుడే యా కాలపు వివాదము బోధపడును.

ఈ వివేకమునకై మనము దూరదేశ మేఁగ నక్కఱలేదు. హిందూపురమునకుఁ జేరువనున్న లేపాక్షి వీరభద్రాలయమున, నాట్యమంటపపుఁ బైకప్పున, పదునాఱవ శతాబ్దిలో కిరాతార్జునీయకథ చిత్రింపఁబడినది. అందలి చీరలు, కుళ్లాయిలు విజయనగరకాలమువి. అర్జునునినాఁటి వేషమును గోరువాఁ డందు మోసపోవును; అచ్యుతరాయలనాఁటి వేషమును వెదకువాఁడు నిధిని గనును. ధర్మవరపు నేఁతగాఁ డా చీరల యంచులను జూచి నేఁతను గుర్తించును గాని ద్వాపరయుగమును గాదు. అట్లే, 1565నాఁటి పరాజయానంతరము రాజధానియైన పెనుగొండలోని శాసనముల నెఱిఁగి 1951నాఁటి "మల్లీశ్వరి" చిత్రమును జూచువాఁడు రాయలకాల మెంతయో, 1951నాఁటి తెలుఁగువారి మనోరథ మెంతయో వేఱుపఱుపఁగలఁడు.

కావున చలచ్చిత్రమును బాఠ్యముగా నుంపవచ్చును, ఒంటిగా నుంపరాదు. దాస్యమును రద్దుచేసిన 1865నాఁటి 13వ రాజ్యాంగసవరణమును, పౌరత్వమును గూర్చిన 1868నాఁటి 14వ దానిని, ఓటుహక్కును గూర్చిన 1870నాఁటి 15వ దానిని మొదటఁ జదివింపవలయును. పిదపఁ జిత్రమును జూపి, దాని నెవరు, ఎప్పుడు, ఎవరికొఱకుఁ దీసిరని యడుగవలయును. తెరపై లేని "అట"ను విద్యార్థి తానే చేర్చుకొన నేర్వవలెను. నేర్వనిచో పరుల ద్వేషమునే చరిత్రమని చదువుకొని యింటికి వచ్చును.