ఎర్రబడనంటున్న టమాటా

టమాటా ఎర్రబడాలంటే ఎండ తగలాలని మనకో గట్టి నమ్మకం. పచ్చికాయ చేతికొస్తే కిటికీ గట్టు మీద ఎండ పడేచోట పెట్టేది అందుకే. నిజానికి టమాటా ఎరుపెక్కడానికి వెలుతురుతో పెద్ద పనిలేదు. అలమరలో చీకట్లో పెట్టినా పండుతుంది. దానికి కావలసింది ఓ మోస్తరు చల్లదనం. 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఎరుపు బాగా దిగుతుంది. 30 దాటితే మందగిస్తుంది. 32, 33 దగ్గర దాదాపు ఆగిపోతుంది. మే నెలలో హైదరాబాద్‌లో మిద్దె మీద మొక్కలు పెంచేవాళ్ల గతి ఏమిటో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఆ నెలలో మా మిద్దె మీద మొక్కకే పండిన కాయ ఎలా ఉంటుందో చెబుతాను. అడుగున నారింజ రంగు. నడుమకు వచ్చేసరికి పసుపు. తొడిమ చుట్టూ ఆకుపచ్చ కలిసిన పసుపు పట్టీ. వేలితో నొక్కితే అడుగు మెత్తగా లొంగుతుంది, తొడిమ చుట్టూ ఉండే భుజం మాత్రం పచ్చికాయలా గట్టిగానే ఉంటుంది. కోస్తే తొడిమ కింద తెల్లటి బిరుసు కండ, దాన్ని చాకుతో తీసి పారేయాల్సిందే. పడమటి ఎండ నేరుగా తగిలిన వైపు తోలు తెల్లబోయి, కాగితంలా పలచబడి, లోపలికి ముడుచుకుపోతుంది. అది ఎండదెబ్బ. రెండు రోజులు ఆగితే అక్కడ నల్లబూజు పడుతుంది. ఇలాంటి కాయలతో చారు పెడితే పులుపుకి లోటుండదు కానీ గిన్నెలో చూస్తే పప్పుకట్టు అనుకుంటారు.

రంగు సంగతి కొంచెం లోపలికి వెళ్లి చూడాలి. కాయ పచ్చగా ఉన్నంతకాలం దానిలో ఆకుల్లో ఉండే పత్రహరితమే ఉంటుంది. పండే వేళ అది విరిగిపోతుంది, దాని చోట లైకోపీన్ అనే ఎర్రటి పదార్థం తయారవుతుంది. ముందు రంగులేని ఒక ముడిసరుకు, దాన్ని మెట్టు మెట్టుగా మార్చుకుంటూ పోతే లైకోపీన్. ఆ లైకోపీన్ పొడవాటి గొలుసు. దాని రెండు కొసల్నీ వలయాలుగా చుడితే బీటా కెరోటిన్, అంటే క్యారెట్‌లో ఉండే నారింజ రంగు. ఎండ ముదిరినప్పుడు ఎరుపు తయారీ కుంటుపడుతుంది, నారింజ తయారీ మాత్రం సాగుతూనే ఉంటుంది. ఉన్న కాస్త లైకోపీన్‌ కూడా కెరోటిన్ ఖాతాలోకి పోతుంది. మన కంటికి మిగిలేది ఆ నారింజ. ఒక మాట దాని పక్షాన కూడా చెప్పాలి: బీటా కెరోటిన్‌ని మన ఒళ్లు విటమిన్ ఏ గా మార్చుకోగలదు, లైకోపీన్‌ని మార్చుకోలేదు. ఎర్రబడని కాయని చెత్తబుట్టలో వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవచ్చు.

గాలి వేడి ఒకటి, కాయ వేడి ఒకటి. ఆకుకి చెమట పట్టినట్టు నీరు ఆవిరై చల్లబడే సౌకర్యం ఉంది. టమాటా తోలు మైనం పూసినట్టు ఉంటుంది, నీటిని బయటికి పోనివ్వదు. నేరుగా ఎండ తగిలే కాయ ఒంట్లో వేడి, చుట్టూ ఉన్న గాలి కంటే పది డిగ్రీల దాకా ఎక్కువుంటుంది. కాబట్టి మార్చిలో 33 డిగ్రీలే కదా అని ధీమాగా ఉండటానికి లేదు, కాయ లోపల అప్పటికే నలభై దాటి ఉండొచ్చు. మొక్కకి గాలి ఆడాలని కింది ఆకులన్నీ గిల్లేసే అలవాటు మిద్దె తోటల వాళ్లలో చాలామందికి ఉంది. వానాకాలంలో అది మంచి పనే. ఫిబ్రవరి దాటాక మాత్రం ఒక్కో ఆకూ ఒక్కో గొడుగు, తెగులు సోకిన వాటిని తప్ప మిగతావాటి జోలికి పోవద్దని నా మాట. పైన 50 శాతం గ్రీన్‌ నెట్ కట్టినా కూడా పడమటి వైపు తెరిచి వదిలేస్తే ప్రయోజనం సగమే.

నర్సరీల్లో అడిగితే పొటాష్ వెయ్యమంటారు. తప్పు సలహా కాదు, పొటాష్ లోపం ఉన్నా భుజాలు పసుపుగానే మిగిలిపోతాయి. కానీ ఎరువు నేలలో లోపాన్ని తీరుస్తుంది, గాలిలో ఉన్న 41 డిగ్రీలను తీర్చదు.

వేడికి టమాటా ఎర్రబడదన్న రహస్యాన్ని మొదట పట్టుకున్నవాళ్లలో బెంజమిన్ డగ్గర్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త ఒకరు. 1913లో సెయింట్ లూయిస్ నుంచి ఆయన అచ్చువేసిన పరిశోధనలో అసలు విశేషం ఏమిటంటే, 30 డిగ్రీలకు పైన ఉంచిన కాయలు ఎర్రబడలేదు, కానీ వాటినే తిరిగి చల్లటి చోటికి మారిస్తే ఎరుపు దిగింది. అంటే వేడి ఎరుపు పుట్టించే శక్తిని చంపలేదు, ఆపి ఉంచిందంతే. డగ్గర్ కథకి మనకి సంబంధించిన కొసరు ఒకటుంది. విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యాక డెబ్భై దాటిన వయసులో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల్లో చేరారు. అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆధ్వర్యంలోనే డగ్గర్ మట్టిలో ఉండే బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ని కనుక్కున్నారు. 1948లో అది లోకానికి వెల్లడైంది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందు పేరు తెలిసినవాళ్లలో ఎంతమందికి ఆ ముసలాయన ఒకప్పుడు టమాటా ఎరుపు వెంట పడ్డాడని తెలుసో!

డగ్గర్ గమనించిన ఆ సంగతే మిద్దె తోటకి అక్కరకొస్తుంది. కాయని మొక్కకే పండనివ్వాలన్న పట్టుదల ఎండాకాలంలో పనికిరాదు. అడుగున కాస్త రంగు తిరిగి, లేత గులాబీ మచ్చ కనిపించగానే, అంటే దోరగా ఉన్నప్పుడే, తొడిమతో సహా కోసెయ్యాలి. ఆ దశకి వచ్చిన కాయ మొక్క నుంచి తీసుకోవాల్సింది చాలావరకు తీసేసుకుని ఉంటుంది, మిగతా పని సొంతంగా చేసుకోగలదు. పొద్దున్నే, కాయ ఇంకా రాత్రి చల్లదనంలో ఉండగానే కోస్తాను. వెదురు బుట్టలో ఒక వరసే పరిచి పడకగదిలో మంచం కింద పెడతాను. మా ఇంట్లో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదిలోనే, రాత్రిళ్లు 26 మీద నడుస్తుంది. టమాటాల కోసం ఏసీ వేస్తున్నావని ఇంట్లో ఎగతాళి. నాలుగైదు రోజుల్లో అవే కాయలు భుజాల దాకా ఎర్రబడతాయి. అదే గుత్తిలో మొక్కకి వదిలేసిన కాయని తెచ్చి పక్కన పెడితే రెండూ ఒక తల్లి పిల్లలంటే ఎవరూ నమ్మరు.

చల్లదనం మంచిదే కదా అని ఫ్రిజ్‌లో పెడితే కథ అడ్డం తిరుగుతుంది. దోరకాయ పది డిగ్రీల లోపు చలిలోనూ ఎర్రబడదు. పండిన కాయైతే రంగు నిలుస్తుంది కానీ వాసననిచ్చే పదార్థాలు పడిపోతాయి, రుచి చప్పబడుతుంది.

ఇక బజారు. ఎండలు ముదిరి మైదానాల్లో టమాటా కాపు పడిపోయాక రెండు తెలుగు రాష్ట్రాలకీ చాలావరకు మదనపల్లె కాయే దిక్కు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నేల మీద రాత్రిళ్లు కాస్త చల్లబడతాయి, ఆ తేడాయే అక్కడి రైతుని బతికిస్తోంది. అక్కడైనా పగటి ఎండ తన పని తాను చేస్తుంది. రంగు తగ్గిన కాయని గ్రేడింగ్‌లో పక్కకి నెట్టేస్తారు. రైతు విత్తనం, నీళ్లు, కూలీ అన్నిటికీ ఒకటే ఖర్చు పెట్టి, వాతావరణం తినేసిన ఎరుపుకి ధరలో కోత భరిస్తాడు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. ఈ కోతలో కొనేవాళ్ల చేయి కూడా ఉంది. మన కళ్లు ఒకే రంగు, అంతటా సమంగా ఉండే ఎరుపు కోసం వెతుకుతాయి. ఆ కళ్ల కోసమే గత శతాబ్దంలో విత్తనాలు తయారుచేసేవాళ్లు పచ్చిదశలో భుజం ముదురాకుపచ్చగా లేని రకాలను ఏరి ఏరి పెంచారు, అవైతే సమంగా పండుతాయని. 2012లో తేలిందేమిటంటే, ఆ భుజం పచ్చదనానికి కారణమైన జన్యువు కాయలో చక్కెర కూడా పెంచుతుంది. సమానమైన ఎరుపు కోసం దాన్ని వదులుకుంటే తీపిలో కొంత దానితోపాటే పోయింది.

టమాటా ఒక్కటే కాదు. ఎండకి వంకాయ ఊదారంగు వెలిసిపోతుంది, నల్లద్రాక్ష గుత్తిలో కొన్ని పండ్లు రంగు రాక మిగిలిపోతాయి. కావెండిష్ రకం అరటిని బయటి వేడిలో మాగేస్తే లోపల మెత్తబడి కూడా తొక్క పచ్చగానే ఉంటుంది. మాగేసే గదుల్లో 16 నుంచి 18 డిగ్రీలు ఉంచేది అందుకే. గుంటూరులో మిరపకాయల కోసం అన్నేసి కోల్డ్ స్టోరేజీలు వెలిసిన కారణాల్లో రంగు కాపాడటం కూడా ఒకటి. ఎండుమిర్చిని వేసవి వేడిలో బయట వదిలేస్తే నెలల్లోనే ఎరుపు వెలిసి ధర దిగిపోతుంది.

మా వీధి చివర కూరగాయలమ్మే ఆవిడ గంపలో నారింజ రంగు కాయలు విడిగా పోసి ఉంటే, ఇవెవరు తీసుకుంటారని మొన్న అడిగాను.

"ఎర్రగున్నయే ఏరుకుంటరమ్మా అందరు. గివి ఎవ్వరు ముట్టరు. పొద్దుగూకినంక కర్రీ పాయింటోళ్లొచ్చి గంపగుత్తగ తీస్కపోతరు."

"మరి వాళ్ల కూరకి రంగెట్లా వస్తుంది?"

"కశ్మీరీ కారం లేదా అమ్మా, రెండు చెంచాలేస్తే అదే ఎర్రగైతది."

అడిగినందుకు మొహమాటపడి ఆ కాయలే ఓ కిలో తూచమన్నాను. ఎర్రకాయల ధరలో సగమే తీసుకుంది.