క్యాబరే గాయని: మరచిపోయింది ఎవరు?

‘క్యాబరే’ అనే మాట తెలుగు పాఠకులకు చాలావరకు సినిమాల ద్వారానే పరిచయం. విలన్ స్థావరం, మసక దీపాలు, తళుకుల దుస్తులు. అందుకే మన విమర్శలో ఆ మాట క్షీణ సంస్కృతికి మారుపేరై కూర్చుంది. క్యూబా గాయని ఓమారా పోర్తువోందో కళాజీవితం ఈ తీర్పును తిరిగి విచారించమంటుంది.

ఆమె 1930లో హవానాలో పుట్టింది. తల్లి సంపన్న స్పానిష్ కుటుంబపు ఆడపడుచు. తండ్రి నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు. వీధిలో ఎదురుపడితే ఆ దంపతులు పలకరించుకునేవారు కారని ఓమారాయే చెప్పింది. వర్ణ వివక్ష అంత గట్టిది. ఇంట్లో మాత్రం ఇద్దరూ గొంతు కలిపి పాడుకునేవారు. ఆమెకు తొలి సంగీత పాఠశాల ఆ ఇల్లే.

యౌవనారంభంలో ట్రోపికానా క్యాబరేలో నర్తకిగా చేరింది. 1950లలో హవానా రాత్రులకు యజమానులెవరో రహస్యమేమీ కాదు: బాటిస్టా నియంతృత్వం, మేయర్ లాన్‌స్కీ వంటి మాఫియా నాయకుల జూదగృహాలు, అమెరికన్ టూరిస్టుల డాలర్లు. ట్రోపికానాలోనూ పాటల వేదికా జూదపు బల్లలూ ఒకే కప్పు కింద ఉండేవి. 1952లో ఐదా దియెస్త్రో కూర్చిన నలుగురు స్త్రీల బృందంలో ఓమారా గాయని అయింది. తోబుట్టువు హైదే, ఎలేనా బుర్కే, మొరైమా సెకాదా తక్కిన ముగ్గురు.

అయితే వేదిక ఎవరిదో పాట కూడా వారిదేనా? అసలు ప్రశ్న ఇక్కడుంది. ఆమెకు పేరు తెచ్చిన ‘ఫిలిన్’ బాణీ పుట్టింది జూదశాలలో కాదు. 1940లలో హవానా పేటల్లో, ఇరుకు ఇళ్ళలో గిటారు చుట్టూ చేరిన యువకుల మధ్య పుట్టింది. వారిలో ముఖ్యుడైన సెసార్ పోర్తీయో దె లా లూస్ ఇళ్ళకు రంగులు వేసి బతికినవాడు. పాత బొలేరో ప్రేమగీతానికి నల్ల అమెరికన్ల జాజ్ స్వరమేళనాన్ని జోడించి, ఆర్భాటం తగ్గించి, పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడడం ఆ బాణీ లక్షణం. 1959లో వచ్చిన ఓమారా తొలి ఆల్బం ‘మాహియా నెగ్రా’లో క్యూబా పాటలూ జాజ్ పాటలూ పక్కపక్కనే ఉన్నాయి. దీన్ని అమెరికా అనుకరణ అనేయడం తేలిక. ఆ జాజ్ అమెరికాలో ఎవరి సృష్టో గుర్తుంచుకుంటే అంత తేలిక కాదు.

1960ల ఆరంభంలో ఆ బృందం మయామీలో ఉంది. హైదే అక్కడే ఉండిపోయింది. ఓమారా తిరిగివచ్చింది. తిరిగివచ్చిన దేశంలో పూలబాట ఏమీ పరచి లేదు. 1963లో ఏలా ఓఫారిల్ రాసిన ఒక ఫిలిన్ పాటను నిరాశావాదమని దుయ్యబట్టారు. 1968 ‘విప్లవ దాడి’లో ఎన్నో రాత్రి క్లబ్బులు మూతపడ్డాయి. ప్రేమలో ఓడిన మనిషి దుఃఖం విప్లవానికి ద్రోహమెలా అవుతుందో ఆ విమర్శకులు వివరించలేదు, వివరించలేరు కూడా. 1967లో బృందాన్ని వీడి ఒంటరి గాయని అయిన ఓమారా ఈ వాదంలో వ్యాసాలేమీ రాయలేదు. చే గువేరా మీద పాటా పాడింది, బొలేరోలూ పాడింది. రెండింటికీ ఒకే గొంతు వాడింది. నా దృష్టిలో ఇదే గట్టి సమాధానం.

1996లో అమెరికన్ గిటారిస్టు రై కూడర్ హవానాలోని ఎగ్రెమ్ స్టూడియోలో ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’ ఆల్బం రికార్డు చేశాడు. అది 1997లో విడుదలై లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. మరుగునపడ్డ ముసలి కళాకారులను పాశ్చాత్యులు వెలికితీశారన్న కథ అప్పుడే పుట్టింది. ఓమారా విషయంలో ఇది శుద్ధ అబద్ధం. ఆ సమయానికి ఆమె అదే భవనంలో తన సొంత రికార్డింగు పనిలో ఉంది! 1983లోనే క్యూబా దర్శకుడు ఫెర్నాందో పెరెస్ ఆమెపై డాక్యుమెంటరీ తీశాడు. వినని చెవి మార్కెట్టుది. మరుపు మాత్రం క్యూబా ఖాతాలో వేశారు. క్యూబాతో వ్యాపారం చేసినందుకు కూడర్‌కు 25,000 డాలర్ల జరిమానా వేసింది అతని ప్రభుత్వమే.

ఇబ్రహీం ఫెరేర్ సంగతి వేరు. అంతటి గాయకుడు బూట్లకు పాలిష్ చేసి బతకవలసివచ్చింది. అది మార్కెట్టు కల్పించిన కథ కాదు. సోషలిస్టు సాంస్కృతిక సంస్థలు జవాబు చెప్పుకోవలసిన విషయం.

1999లో విమ్ వెండర్స్ తీసిన చిత్రంలో ఓమారా హవానా వీధిలో నడుస్తూ మరియా తెరెసా వేరా స్వరపరచిన ‘వెయింతే ఆన్యోస్’ పాడుతుంది. దారిలో ఒక స్త్రీ గొంతు కలుపుతుంది. ఆమెకు ఆ పాట ఎవరూ నేర్పనక్కర లేకపోయింది.