పరీక్షల యింగ్లీషు – తెలుగు విభక్తులు

ఇంగ్లీషు పరీక్షలకు విద్యార్థులను సిద్ధపరచుటకై వెలువడుచున్న మార్గదర్శక గ్రంథములు నేడు ప్రతి పుస్తకశాలయందును రాశులుగా నున్నవి. వాని ముద్రణము బాగున్నది, అభ్యాసములకును కొదవలేదు. ఐనను వానిని కొంతకాలము తరగతులలో చదివించి చూచిన పిమ్మట మాకు తోచిన దేమన, ఇవి తప్పు పట్టుట నేర్పుచున్నవే గాని వాక్యము వ్రాయుట నేర్పుట లేదు. ఇట్లనుటకు కారణములు చెప్పెదము.

ఈ గ్రంథములలో సాధారణముగా ప్రిపొజిషనుల కొక ప్రకరణము, క్రియారూపములకు వేరొక ప్రకరణము నుండును. ఈ విభాగము చూపునకు చక్కగానే యున్నది. కాని తెలుగు పిల్లల తప్పులు ఈ గట్టును లెక్కచేయవు. ‘రెండేండ్లనుండి ఈ యూరిలో నున్నాను’ అను వాక్యమును తీసికొందము. దీనిని మనవారు ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అని వ్రాయుదురు. ‘సిన్స్’ బదులు ‘ఫర్’ ఉండవలెను. ‘యామ్ లివింగ్’ బదులు ‘హేవ్ బీన్ లివింగ్’ ఉండవలెను. తప్పులు రెండైనను పుట్టినచో టొక్కటే. ‘2020 నుండి’ యన్నను, ‘రెండేండ్లనుండి’ యన్నను తెలుగున మాట యొక్కటే, క్రియయు వర్తమానమే. ఇంగ్లీషు మాత్రము కాలము మొదలైన చోటును ‘సిన్స్’తోను, గడచిన కాలపరిమాణమును ‘ఫర్’తోను వేరుపరచును. అంతటితో నిలువక, పని వెనుక మొదలై నేటివరకు వచ్చెనను సంగతిని క్రియయందే చూపించును. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నుంచి చెప్పినచో ఒకనాటిలో బోధపడు విషయము, రెండు ప్రకరణములుగా విడదీసినందున ఏడాదికిని బోధపడకున్నది.

పట్టికలను కంఠస్థము చేయించుట రెండవ దోషము. ‘యాంగ్రీ’ ప్రక్కన ‘విత్’, ‘అఫ్రెయిడ్’ ప్రక్కన ‘ఆఫ్’ అని చెప్పి యూరకుందురు. కోపమునే చూడుడు. ఎవరిపై కోపమో వారికి పాణిని సంప్రదానసంజ్ఞ చెప్పెను గనుక సంస్కృతమున చతుర్థి వచ్చును. మనము ‘వానిమీద కోపము’ అందుము. ఇంగ్లీషువారు ‘వానితో’ అన్నట్లు చెప్పుదురు. భయమునకును అంతే. సంస్కృతమున భయహేతువునకు పంచమి, తెలుగున ‘పామునకు భయపడును’, ఇంగ్లీషున ‘ఆఫ్’. ఒకే మనోభావమును మూడు భాషలు మూడు దారుల జూచినవి. ఈ మాట విన్న బాలుడు తన భాష తప్పులపుట్ట కాదనియు, అదియు నొక దారియే యనియు గ్రహించును. చిన్నయసూరి బాలవ్యాకరణమున కారకపరిచ్ఛేదమును శ్రద్ధగా చదివినవాడు ఇంగ్లీషు ప్రిపొజిషనులకు సగము దారి నడచినవాడే.

తెలుగు అడ్డుపడు చోట్లను గ్రంథకర్తలు చూపుదురు. తోడ్పడు చోట్లను చూపరు. ‘గూర్చి చర్చించుట’ను బట్టి ‘డిస్కస్’ తరువాత ‘అబౌట్’ చేర్చుట మన భాషవలన వచ్చిన తప్పే. కాని ‘వాన కురిసినచో రాము’ అనునపుడు మనమును మొదటి క్రియకు భవిష్యద్రూప మీయము. ‘ఇఫ్’ వాక్యమున ఇంగ్లీషువారును ‘విల్’ వాడరు. ఇట్టి చోట తెలుగే గురువు.

తప్పొప్పుల తీర్పునందును తొందరపాటున్నది. బ్రిటనులో ‘ఎట్ ది వీకెండ్’ అందురు, అమెరికాలో ‘ఆన్ ది వీకెండ్’ అందురు. ఏ దేశపు వాడుకయో చెప్పకయే ఒకదానికి కొట్టివేత గీత పెట్టుట విద్యార్థిని సంశయములో ముంచుటయే.

గ్రంథకర్తల నొక్కరినే నిందించుట న్యాయము కాదు. స్టాఫ్ సెలెక్షన్ కమిషను పరీక్షలలో తప్పున్న భాగమును గుర్తించుట, ఖాళీ పూరించుట వంటి ప్రశ్నలుండును. గ్రంథములు వానినే యనుసరించినవి. 1964లో మొదలైన టోఫెలు పరీక్షయందును చిరకాలము ఇట్టి వ్యాకరణభాగ ముండెను. 2005లో ఇంటర్నెటు టోఫెలు వచ్చినపుడు దానిని తొలగించి మాటలాడు పరీక్షను చేర్చిరి. ఐయెల్ట్స్ రచనాపరీక్షలో వ్యాకరణము నాలుగు సమానమైన కొలతలలో నొకటి. దానిని అభ్యర్థి స్వయముగా వ్రాసిన వాక్యములయందే చూతురు. కావున పరీక్ష గెలిచిన చాలునను గృహస్థులకును మా మనవి యిదే: తప్పు పట్టు నేర్పుతో అన్ని పరీక్షలు దాటలేము.

మరి చేయదగిన దేమి? రోజర్ ఆస్కాము అను ఇంగ్లీషు పండితుడు లాటిను నేర్చు బాలురకు చెప్పిన పద్ధతి 1570లో అచ్చయినది. లాటిను వాక్యములను ఇంగ్లీషులోనికి మార్చి, కొంత వ్యవధి యిచ్చి, మూలము చూడక తిరిగి లాటినులో వ్రాయించి, మూలముతో సరిచూడవలెనని యాతడు చెప్పెను. ఇంగ్లీషువారు పరభాషకు వాడిన యుపాయము మన కేల పనికిరాదు? దినమునకు అయిదు మంచి ఇంగ్లీషు వాక్యములు తీసికొని, తెలుగున వ్రాయించి, మరునాడు వానిని ఇంగ్లీషున వ్రాయించి మూలముతో పోల్చిన చాలును. తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాకున్నను తెలుగు వాక్యము సరిగా నున్నదో లేదో వారే చూడగలరు.

ఇందు మార్కులకంటె పెద్ద విషయ మొకటి యున్నది. తెలుగు మాధ్యమమున చదివిన బాలిక ‘ఇన్’ బదులు ‘ఆన్’ వ్రాసెనని ఆమెకు చదువు రాదని తీర్మానించు ఇండ్లున్నవి. ఇంగ్లీషు చెడునని తెలుగు పుస్తకమును ఇంటినుండి తొలగించు తండ్రులును ఉన్నారు. ఆమె తప్పు బుద్ధిలోపము కాదు. ఒక భాషలో సక్రమముగా నడచిన యాలోచన మరియొక భాషలో ఆ దారినే నడువబోయినది, అంతే. ఆ తెలుగు పుస్తకమును ఆమె చేతికి మరల ఇచ్చి, దాని ప్రక్కన ఇంగ్లీషు పుస్తక ముంచుడు. రెండింటిని పోల్చి చదువుటకు ఆమెకు తీరిక కల్పించుడు.